పావు చుట్టు

మా అక్కకి టైర్ల మీద ఉన్న శ్రద్ధ మనుషుల మీద లేదని కాపరానికొచ్చిన కొత్తలోనే తేల్చేశాను. అక్కంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయనకి వదిన. కొత్త కోడలు ఇంటికొస్తే ఎవరైనా వంటిల్లు చూపిస్తారు, బీరువా చూపిస్తారు. ఈవిడ నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి, వరసగా నిలబెట్టిన బళ్ళు చూపించి, "చేతిలో కత్తెర ఉన్నప్పుడు వీటి దగ్గరికి రాకు, గీసుకుంటాయి" అంది. నా వేళ్ళు కాదు గీసుకునేది, టైర్లు. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఆ రోజే మా ఇద్దరికీ చెడింది.

మాది బళ్ళు నిలవుంచే యార్డు. ఊరు దాటగానే పొడవాటి రేకుల షెడ్డు, దాని ముందు చదును చేసిన స్థలం, చుట్టూ గోడ, ఓ ఇనుప గేటు. గేటు పక్కన ఆఫీసు గది, దాని వెనక మా రెండు కుటుంబాల ఇళ్ళు. షెడ్డు నిండా ఇల్లుబళ్ళు. కాగితాల మీద మోటార్‌హోమ్ అని రాస్తారు కానీ మా నోట ఎప్పుడూ ఇల్లుబండే. లోపల మంచం, పొయ్యి, సింకు, తలుపేసుకుంటే స్నానాలగది కూడా ఉంటుంది. సెలవులొస్తే జనం పిల్లాజెల్లాతో వాటిలో ఎక్కి ఊళ్ళు తిరుగుతారు. సెలవులు అవగానే ఆ ఏనుగుని ఎక్కడ కట్టేయాలో తెలీక మా దగ్గర వదిలిపోతారు. కొన్ని నెలలుంటాయి, కొన్ని ఏళ్ళకేళ్ళు ఉండిపోతాయి.

ఇంట్లో ఎవరి పని వాళ్ళది. బావగారు, అంటే అక్క భర్త, ఇంజన్లు చూసేవారు, పైకప్పులు కారితే ఎక్కి బాగుచేసేవారు. అంతకు ముందు ఆయన దూరప్రయాణాల బస్సు డ్రైవరు. మా ఆయన బళ్ళు కడిగి రంగులేస్తాడు. నేను పరుపులకీ సీట్లకీ గలీబులు, కిటికీలకి తెరలు కుడతాను. టైర్లు మాత్రం అక్కవి. ఎవరూ అప్పజెప్పలేదు, తనే లాక్కుంది. చుట్టుపక్కల అందరూ ఆవిడని టైరమ్మ అనేవాళ్ళు. నేనూ అనేదాన్ని, చాటుగా.

బండి గేట్లోకి రావడం పాపం, ఓనర్లకి పురాణం మొదలయ్యేది. "నీళ్ళ ట్యాంకు ఖాళీ చేయండి. ఆ గిన్నెలూ డబ్బాలూ, మంచం కింద కుక్కిన సామానూ అంతా దింపుకుపోండి. నెలల తరబడి మోసేది నేను కాదు, టైర్లు." వాళ్ళు మొహమొహాలు చూసుకుని దింపుకునేవాళ్ళు. తర్వాత ఒంగి టైరు పక్కనున్న చిన్న గడిలో అంకెలు చూసేది. ఆ టైరు ఏ ఏడు తయారైందో అక్కడ ఉంటుంది. "గీతలు అరగలేదని మురిసిపోకండి. టైరుకీ వయసుంటుంది. ముందు తేదీ చూడాలి, తర్వాతే గీతలు" అని వాళ్ళని కూడా ఒంగోబెట్టి చూపించేది. ఆనక మామూలు సబ్బు నీళ్ళతో కడగడం, ఆరబెట్టడం, గాలి నిండా కొట్టడం. నేల చెమ్మ తగలకుండా కింద పొడుగాటి చెక్కలు, అవి కూడా టైరు కన్నా వెడల్పువి. టైరు అంచు చెక్క దాటి ఒక్క వేలెడు బయటికొచ్చినా మళ్ళీ మొదటికి.

మా ఆయన ఓసారి ఓనరు మెచ్చుకుంటాడని ఓ బండి టైర్లకి నల్లటి పాలిషు పూశాడు. అక్క ఒంటికాలి మీద లేచింది.

"మెరుస్తున్నాయి కదా వదినా" అన్నాడు.

"మెరుస్తాయయ్యా, మెరిసి మెరిసి పగులుతాయి. ఆ జిడ్డు రబ్బర్ని తినేస్తుంది. నీ మొహానికి పూసుకో, మెరుస్తావు."

మా ఆయన నీళ్ళు నములుతూ సబ్బు బకెట్టు పట్టుకెళ్ళాడు. నేను నవ్వలేదు కానీ, లోపల సంతోషంగానే ఉంది.

ఆ సంతోషం ఎన్నాళ్ళు? ఎండ తగలకుండా టైర్లకి కవర్లు కావాలంది. కుట్టేది నేనే కదా. మురికి కనపడదని నల్లగుడ్డతో కుట్టాను. "నలుపు ఎండని పిలిచి కూర్చోబెడుతుంది, తెల్లది కుట్టు" అని వెనక్కి పంపింది. తెల్లది కుట్టాను. ఆ తర్వాత నా కుట్టుమిషన్ని షెడ్డులోంచి మార్చమంది. కరెంటు మోటారు దగ్గర పుట్టే గాలికి రబ్బరు పెళుసెక్కుతుందట. నా మిషన్ని వెలుతురు లేని మూలగదిలోకి తోయించింది. నేను చాలాకాలం ఆవిడతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఆవిడ అది గమనించనే లేదు, అదింకా మంట.

అన్నిటికన్నా పెద్ద తంతు పావు చుట్టు. ఎంత గాలి కొట్టినా బండి బరువంతా టైరులో ఒకే చోట పడుతుంటే అక్కడ చదునుగా అణిగిపోతుంది. అలా ఎక్కువకాలం ఉంటే మళ్ళీ గుండ్రానికి రాదు. అందుకని అక్క ప్రతి టైరు మీదా సుద్దముక్కతో ఓ గీత గీసేది. నెలకోసారి ప్రతి బండీ ఎక్కి, స్టార్టు చేసి, చెక్కల మీదే ఓ రెండు మూరలు జరిపి, ఆపి, దిగి చూసుకునేది. పైనున్న గీత ముందుకి రావాలి. పై నెల కిందికి, ఆ పై నెల వెనక్కి. అందుకోసమే లైసెన్సు తీసుకుంది. చిన్నవీ పెద్దవీ, పాతవీ కొత్తవీ, ఆ షెడ్డులో ఆవిడ నడపని బండి లేదు. ఏ బండినీ రెండు మూరలు దాటి నడిపిందీ లేదు. గేటు బయట ఆవిడ స్టీరింగు పట్టుకోగా ఎవరూ చూడలేదు.

ఇంత చేసీ, ఓనర్లకి చివర్లో ఒక మాట చెప్పేది. "ఇదంతా నిలవున్నప్పుడు మేం చేసే సేవే. టైరుకి అసలైన మందు తిరగడం. తిరిగితేనే లోపలి సారం పైకొచ్చి రబ్బరు మెత్తగా ఉంటుంది. ఎక్కువకాలం ఉంచకుండా వచ్చి తీసుకెళ్ళండి." ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. నాకు కంఠతా వచ్చు.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. యార్డు పెట్టిన కొత్తలో ఎవరిదో బండి వాళ్ళ ఇంటికి చేరవేయడానికి బావగారు తీసుకెళ్ళారు. దారిలో ముందు టైరు పక్కవాటున చీలిపోయింది. బండి రోడ్డు దిగి మట్టిలో వాలిపోయింది. గీతలు కొత్తవాటిలా ఉన్న టైరే, ఎండలో నిలబడి నిలబడి పక్కన పగుళ్ళిచ్చింది, ఎవరూ చూసుకోలేదు. బావగారు గీతంత దెబ్బ లేకుండా, చేతిలో ఆ చీలిన రబ్బరు ముక్క పట్టుకుని నడుచుకుంటూ గేట్లోకి వచ్చారు. అక్క ఆ ముక్కని ఆఫీసు గుమ్మం పక్కన మేకుకి తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ రోజు నుంచి టైర్లు ఆవిడవి.

షెడ్డు చివరి వరసలో మా సొంత ఇల్లుబండి ఉండేది. బావగారు డ్రైవరు ఉద్యోగం మానేసినప్పుడు కంపెనీ వాళ్ళు తీసిపారేస్తున్న బస్సొకటి కొనుక్కుని, సీట్లూ కడ్డీలూ పీకేసి, లోపల తనే ఇల్లు కట్టుకున్నారు. మంచానికి తల దగ్గర కిటికీ కావాలని ప్రత్యేకంగా పెట్టించుకున్నారు. దానికి నీలం తెర నేనే కుట్టాను. నాలుగు వైపులా కొత్త టైర్లు వేయించారు.

"ఇన్నేళ్ళు బస్సు నడిపాను కదా, ఏం చూశానమ్మా? రోడ్డు. రోడ్డు తప్ప ఏం లేదు" అనేవారు నాతో. "సముద్రం పక్క నుంచే పోయేవాణ్ణి. వెనకాల వాళ్ళంతా కిటికీల్లోంచి అబ్బా అబ్బా అనేవాళ్ళు. నేను తల తిప్పితే అందరం నీళ్ళలోనే. ఇప్పుడు మీ అక్కని తీసుకుని ఆ దారినే పోతాను. నచ్చిన చోటల్లా ఆపుతాను. ఎవడూ గంట కొట్టడు."

ఏటా అనుకునేవారు. ఏటా అక్క, "ఈసారికి ఆగండి, యార్డు నిండా బళ్ళున్నాయి" అనేది. ఓసారి వానలన్నది, ఓసారి తనకి నడుం నొప్పన్నది. కానీ నెల తప్పకుండా ఆ బస్సుకి పావు చుట్టు. కవర్లు చిరిగితే నా దగ్గరికి కొత్తవాటికి కబురు. "తిరగని బండికి ఇన్ని సోకులెందుకు?" అనేదాన్ని నేను. "నీ పని నువ్వు చూడు" అనేది.

అలా ఉండగా బావగారు పడ్డారు. ఎవరిదో బండి పైకప్పు మీద పగులు పూడుస్తూ, కాలు జారి వెనక్కి పడ్డారు. నేను మిషను దగ్గరుండగా ఆ చప్పుడు విన్నాను. పరుగెత్తుకొచ్చేసరికి అక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. "కాళ్ళు తెలియట్లేదే" అన్నారు బావగారు. అంతే అన్నారు.

వెన్నులో దెబ్బ. ఆపరేషను చేశారు. కాళ్ళు పూర్తిగా పోలేదనీ, నెమ్మదిగా రావచ్చనీ, ఎంతవరకు వస్తాయో మాత్రం చెప్పలేమనీ పెద్ద డాక్టరు చెప్పారు. ఇంటికి పంపించేటప్పుడు నర్సు అక్కని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఒకే పక్కన ఉంచేస్తే బరువు పడిన చోట చర్మం కమిలి పుళ్ళు పడతాయమ్మా. పుండు పడిందంటే కాళ్ళ సంగతి అటుంచి, ప్రాణం మీదికొస్తుంది. వేళకి వేళకి పక్క మారుస్తుండాలి. ఎలాగో చూపిస్తాను, ఏమైనా సందేహాలుంటే అడుగు."

"ఇది నాకు వచ్చు" అంది అక్క.

నర్సుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

ఆఫీసు వెనక గదిలో మంచం వేశారు. పక్కన గోడ మీద అక్క సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. కిటికీ వైపు, వెల్లకిలా, తలుపు వైపు. పక్క మార్చినప్పుడల్లా గుర్తు మార్చేది. మా ఆయన భుజం పట్టేవాడు, అక్క నడుం పట్టేది, నేను మడమల కింద దిండు సర్దేదాన్ని. ఒంట్లో ఎముక తేలిన ప్రతిచోటా వేలు పెట్టి చూసేది, ఎర్రబడిందేమోనని. దుప్పటి మీద చిన్న మడత కనిపించినా మళ్ళీ మొదటికి. బావగారు నన్ను చూసి, "ఏమ్మా, నాక్కూడా ఓ తెల్ల కవరు కుట్టెయ్. మీ అక్క కప్పేసి పోతుంది" అనేవారు. నేను పకపకా నవ్వి, ఇవతలికొచ్చి ఏడ్చేదాన్ని.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. ఆయన ఒంటి మీద ఒక్కటంటే ఒక్క పుండు పడలేదు. ఇంత బాగా చూసుకున్న ఇల్లు అరుదని డాక్టరే అన్నారు. మెల్లగా బొటనవేలు కదిలింది. తర్వాత మడమ. వ్యాయామం చేయించడానికి ఓ అమ్మాయి వచ్చేది, పిట్టంత మనిషి, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఓ రోజు ఆ అమ్మాయి బావగార్ని మంచం అంచున కూర్చోబెట్టి, చంకల్లో చేతులు వేసి నిలబెట్టింది. నిలబడ్డారు. నిజంగానే నిలబడ్డారు. అంతలో మోకాళ్ళు ముడుచుకుపోయి, ఆ అమ్మాయితో సహా మెల్లగా నేల మీదికి జారారు. దెబ్బేం తగల్లేదు, బావగారైతే నవ్వుతున్నారు కూడా. అక్క కేక మాత్రం గేటు దాకా వినపడింది.

ఆ రోజుతో అయిపోయింది. మర్నాడు ఆ అమ్మాయి వస్తే, "ఇవాళ నీరసంగా ఉన్నారు, ఒద్దులే" అంది అక్క. ఆ తర్వాత, "నిద్రపోతున్నారు." ఇంకోసారి, "వానొచ్చేలా ఉంది." వానకీ కాళ్ళకీ ఏం సంబంధమో దేవుడికెరుక. కాళ్ళు చాపడం, ముడవడం మంచం మీదే తను చేయించేది. నిలబెట్టడం మాత్రం లేదు. ఆ పిట్టంత అమ్మాయి ఓపిక పట్టి పట్టి చివరికి గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది.

"అమ్మా, మీరు ఆయన్ని చాలా బాగా చూసుకుంటున్నారు. కాదనను. కానీ ఇలాగే పడుకోబెడితే కండ కరిగిపోతుంది. కాలు బరువు మోయడం మర్చిపోతుంది. ఇప్పుడు నిలబడకపోతే ఆ తర్వాత నేనొచ్చినా లాభం లేదు."

"మళ్ళీ పడితే?" అంది అక్క.

"పడొచ్చు. పడకుండా చూస్తాను. పడనే పడరని మాత్రం చెప్పలేను."

అక్క తలుపు దగ్గరగా వేసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి దులిపేస్తానంటే మా ఆయన అడ్డుపడ్డాడు. "వదిన భయం వదినది, నువ్వూరుకో" అన్నాడు. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకెంత కష్టమో ఆయనకి తెలుసు.

ఓ పొద్దున అక్క వంటింట్లోకి వచ్చి, "బస్సు అమ్మేద్దాం. ఊరికే అక్కడెందుకు?" అంది. మా దగ్గర చిన్న బండి నిలవుంచుకునే బేకరీ ఆయన ఉన్నాడు, కుటుంబం పెరిగింది, పెద్ద బండి కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాడట. బావగారికి చెప్పావా అన్నాను. "చెప్తాలే" అంది. చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన అంతా విన్నారు. కోప్పడలేదు, అరవలేదు. మంచం పట్టీ పట్టుకుని, పళ్ళు బిగించి, నడుం ఎత్తి, మొహం గోడ వైపు తిప్పేసుకున్నారు. తనంతట తాను. ఎవరూ పట్టకుండా మనిషి పక్కకి తిరగడం అదే మొదలు. అక్క చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. సంతోషించాలో ఏడవాలో తెలియని మొహం వేసుకుని నిలబడింది. గోడ మీద గుర్తు కూడా మార్చలేదు.

బేకరీ ఆయన భార్యతో సహా వచ్చాడు. బస్సు లోపల తిరిగారు, పొయ్యి వెలిగించి చూశారు, నీలం తెర బావుందన్నారు. తర్వాత ఆయన కిందికి దిగి, నేను కుట్టిన తెల్ల కవరు జాగ్రత్తగా తప్పించి, గొంతుక్కూర్చుని ఫోను లైటు వేసి వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం చూస్తున్నారు?" అంది అక్క.

"తేదీ అమ్మా. మీరే నేర్పారుగా. ముందు తేదీ, తర్వాతే గీతలు."

ఊళ్ళో వాళ్ళ టైర్లన్నిటి వయసూ నోటి మీద చెప్పే మనిషి, ఆ బస్సు టైర్ల తేదీ ఎన్నాళ్ళ నుంచి చూడలేదో. ఆయన అంకెలు చదివాడు. మళ్ళీ చదివాడు. గీతలో గోరు పెట్టి చూశాడు, గోరు మొత్తం దిగింది.

"ఒక్క పగులు లేదమ్మా. ఇంత బాగా ఉంచిన టైర్లు నేనెక్కడా చూడలేదు" అన్నాడు, నిజంగా మెచ్చుకుంటూ. "ఈ ఒక్క ఏడాదీ తిరుగుతాయి. పై ఏడు ఎలాగూ మార్చేయాల్సిందే. పాపం, ఒక్క ఊరు చూడకుండానే ముసలివైపోయాయి."

"బస్సు అమ్మట్లేదు" అంది అక్క.

"అదేంటమ్మా, టైర్ల ఖర్చు నేను..."

"అమ్మట్లేదన్నాను కదయ్యా!"

బేకరీ ఆయన బిక్కచచ్చిపోయాడు. ఆయన భార్య నా వంక చూసింది. నేను వాళ్ళని గేటు దాకా సాగనంపి, ఏదో సర్దిచెప్పి వెనక్కొచ్చేసరికి అక్క బస్సు ముందు చక్రం పక్కన చెక్క మీదే కూలబడి ఉంది. కవరు ఒళ్ళో ఉంది. నేనప్పటికే మాటలు కూర్చుకుని పెట్టుకున్నాను, నెలల తరబడి మింగినవి, ఒక్కొక్కటీ సూదిలాంటిది. ఆవిడ మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. పక్కన కూర్చున్నాను.

"నేనే చెప్తాను కదే అందరికీ" అంది. "తీసుకెళ్ళండి, తిప్పండి అని. నేనే కదే."

"నువ్వే."

"ఆ రబ్బరు ముక్క పట్టుకుని ఆయన నడిచొచ్చిన రోజు నుంచీ నాకు గేటంటే భయమే. లోపలుంటే కళ్ళముందు ఉంటారు. ఏదొచ్చినా నేను చూసుకుంటాను అనుకున్నాను. లోపలే పడ్డారు చూడు." కవరుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు కాళ్ళు కూడా ఇలాగే అయిపోతే? గీతన్నా అరక్కుండా?"

అప్పుడు ఏడ్చింది. ఆస్పత్రిలో ఏడవనిది, పడిన రోజు ఏడవనిది, ఆ టైరుకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కత్తెర నా జేబులోనే ఉంది, గీసుకుంటాయని ఆవిడా అనలేదు.

లేచి మొహం కడుక్కుని తిన్నగా గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మంలో ఉండిపోయాను. బావగారు ఇంకా గోడ వైపే ఉన్నారు.

"ఏమండీ, రేపటి నుంచి ఆ అమ్మాయిని రమ్మంటున్నాను. నిలబడండి. పడితే పట్టుకుంటాను. పట్టుకోలేకపోతే ఇద్దరం పడదాం."

మంచం అంచున కూర్చుంది.

"బస్సు అమ్మలేదు" అంది.

మంచం పట్టీ కిర్రుమంది. మళ్ళీ అదే యాతన, అదే పళ్ళు బిగించడం. ఈసారి తిరిగింది అక్క వైపు. "మొండిదానివే నువ్వు" అన్నారు. "మీరు తక్కువా?" అంది. నేను మెల్లగా అక్కడి నుంచి తప్పుకున్నాను. నాక్కూడా కాస్త బుద్ధుంది.

నిలబడి నడవడానికి పట్టుకునే కడ్డీలు కావాలంది ఆ పిట్టంత అమ్మాయి. మా ఆయన షెడ్డంతా వెతికి, బస్సులోంచి ఎప్పుడో పీకేసిన పాత కడ్డీలు బయటికి తీశాడు, ప్రయాణికులు నిలబడి పట్టుకునేవి. వాటిని నడుం ఎత్తున రెండు వరసలుగా నేలలో బిగించి, రంగేసి, ఈసారి వదినని అడిగే పాలిషు చేశాడు. బావగారు వాటిని పట్టుకుని లేచి, "ఇన్నేళ్ళూ జనం వేళ్ళాడుతుంటే అద్దంలో చూశాను. ఇంత పొడుగుంటాయనుకోలేదు" అన్నారు. మొదట్లో నిలబడి వెంటనే కూర్చునేవారు. తర్వాత ఓ అడుగు. పడ్డారు కూడా, రెండుసార్లో మూడుసార్లో. అక్క మొహం పాలిపోయేది, పెదవి కొరుక్కునేది, కానీ "చాలు" అనలేదు. ఒకసారైతే నిజంగానే ఇద్దరూ కలిసి పడి, కింద కూర్చుని ఒకరినొకరు తిట్టుకున్నారు. పోట్లాడుకుంటే వినడానికి అంత హాయిగా ఉంటుందని నాకు తెలీదు.

చేతికర్రలతో షెడ్డు చివరి దాకా నడిచిన రోజున ఆయన బస్సు మెట్ల మీద చెయ్యి వేసి, "నడిపేది మా ఆవిడే" అని ప్రకటించారు.

సముద్రం దాకా నేను తీసుకెళ్తానన్నాడు మా ఆయన. బావగారు వినలేదు. ఆయన కాళ్ళు నడక వరకే వచ్చాయి, బ్రేకు నమ్మకంగా తొక్కేంత రాలేదు, ఆ సంగతి ఆయనకి తెలుసు.

"నేనెప్పుడు రోడ్డెక్కానండీ?" అంది అక్క.

"ఈ షెడ్డులో నువ్వు నడపని బండుందా?"

"రెండు మూరలు!"

"సరే, రెండు మూరలూ రెండు మూరలుగానే పోదాం. మనకేం తొందర?"

ఆ పైన పక్క సీట్లో కూర్చుని ఆవిడకి నేర్పించారు. షెడ్డు చుట్టూ బస్సు తిరగడం, లోపల్నుంచి ఇద్దరి అరుపులు వినపడటం రోజూ ఉండేది. మలుపులు వచ్చాయి, వెనక్కి నడపడం కూడా వచ్చింది. గేటు వైపు తిప్పమంటే మాత్రం, "రేపు" అనేది.

ఆ రేపు ఓ పొద్దున వచ్చింది. అక్క ముందే లేచి నాలుగు వైపులా గాలి చూసింది, మళ్ళీ చూసింది. పగుళ్ళ కోసం వేలితో తడిమింది. కవర్లు విప్పి నా చేతుల్లో పెట్టింది. బావగారు కర్రలు మా ఆయనకిచ్చేసి, మెట్ల పక్క కడ్డీ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. అక్క వెనక నిలబడింది, రెండు చేతులూ ఆయన నడుం దగ్గర, తాకీ తాకకుండా. ఆయన మొదటి మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకున్నారు. అక్క చేతులు దించేసింది. ఆవిడ ఆ చేతులు దించడం నేను చూశాను. ఆయన రెండో మెట్టెక్కి లోపలికెళ్ళి కూర్చున్నారు.

వెళ్ళబోతూ నా దగ్గరికొచ్చి జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చింది. "నెల తిరిగేసరికి మీ ఆయనతో అన్నీ జరిపించు. పావు చుట్టే, ఎక్కువ వద్దు. పాలిషు మాత్రం ముట్టుకోనివ్వకు."

"మాకు తెలుసులే, నువ్వు బయలుదేరు" అన్నాను.

ఇంజను మోగింది. బస్సు చెక్కల మీద నుంచి కదిలింది. రెండు మూరలు వచ్చి, ఠక్కున ఆగిపోయింది. డ్రైవరు తలుపు తెరుచుకుంది, అక్క ఒక కాలు కింద పెట్టి ముందు టైరు వంక చూసింది. సుద్దగీత పై నుంచి ముందుకొచ్చింది, కచ్చితంగా పావు చుట్టు. అలవాటు మరి.

లోపల్నుంచి బావగారి గొంతు వినపడింది. "ఎక్కడికే దిగుతున్నావు? వచ్చింది గీత, నాకిక్కణ్ణుంచే తెలుస్తోంది. ఎక్కు. పోనీ!"

అక్క నా వైపు చూసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కాలు లోపలికి తీసుకుని తలుపేసింది.

ఈసారి ఆగలేదు. గీత కిందికెళ్ళింది, వెనక్కెళ్ళింది, పైకొచ్చింది, మళ్ళీ కిందికి. గేటు దగ్గర కాస్త నెమ్మదించి, అటూ ఇటూ చూసి, రోడ్డు మీదికి మళ్ళేసరికి గీత కంటికి ఆనడం మానేసింది. నీలం తెర పక్కకి లాగి బావగారు కిటికీలోంచి చెయ్యి ఊపారు. నేను కవర్లు గుండెలకి అదుముకుని, మా ఆయన పిలిచేదాకా గేటు దగ్గరే నిలబడిపోయాను. తర్వాత లోపలికెళ్ళి వాటిని ఉతికి ఆరేశాను.